ఉప్పు డబ్బా కింద రాణి

ఇస్పేటు రాణి ఫ్రిజ్ మీద, ఉప్పు డబ్బా కింద ఉంది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికి తెలుసు. తెలియంది కొమురమ్మ ఒక్కతెకే. ఆ పేకముక్క మీద ఉన్నది ఆమె ముఖమే.

కొత్తపేటలో ఆ రెండో అంతస్తు ఇంట్లో ముక్క అక్కడికి చేరినప్పటి నుంచి ఎవరూ ఆ డబ్బా ఎత్తలేదు. పప్పులో ఉప్పు లేదు, కూరలో ఉప్పు లేదు, చారు వేడినీళ్ళలా ఉంది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నది కొమురమ్మకు. ఆ వంక పెట్టుకుని ఇంటిల్లిపాదీ చప్పిడి తిండి తింటున్నారు. బాగాలేదని ఒక్కరూ అనరు. అంటే డబ్బా ఎత్తాలి, ఎత్తితే ముక్క బయటపడుతుంది, బయటపడితే మాట్లాడుకోవాలి. మాట్లాడుకోవడం కంటే చప్పిడి పప్పే నయమని ఎవరికి వారు తీర్మానించుకున్నట్టున్నారు.

ఆ ఉదయం భావన గది గుమ్మంలోకి వచ్చేసరికి మామగారు హనుమాండ్లు మంచం మీద సంచీ తెరిచి పెట్టుకుని చీరలు మడతపెడుతున్నాడు. కొమురమ్మ చీరలు. నలభై ఏళ్ళు నేసిన చేతులు కదా, మడత ఎక్కడా వంకర పోవడం లేదు.

"ఏం చేస్తున్నారు మామయ్యగారూ?"

"చీరెలు సదురుతున్న."

"ఎక్కడికి?"

"పగటి బువ్వ తిన్నంక మా తమ్ముని కొడుకు కారు తీస్కొస్తడు. మీ అత్తను పోచంపల్లి తోల్కపోత."

భావన మంచం అవతలికి చూసింది. కిటికీ పక్కన కుర్చీలో కొమురమ్మ కూర్చుని ఉంది. కుడిచేయి ఒళ్ళో దిండు మీద పెట్టి ఉంది. కుడివైపు పెదవి కిందికి జారింది, కుడికన్ను సగమే మూతపడుతుంది. మాట పోయింది. వింటుంది, అన్నీ అర్థమవుతాయి, జవాబే రాదు.

"అక్కడ ఎక్సర్‌సైజులు ఎవరు చేయిస్తారు? ఇక్కడైతే అమల రోజూ వస్తోంది కదా."

"ఆడ వాడకట్టోళ్లు ఒస్తరు, పోతరు, ముచ్చట పెడ్తరు. ఈడ ఎవలు మాట్లాడుతున్నరు బిడ్డా?"

 నిజంగానే ఎవరూ మాట్లాడటం లేదు.

"నేను ఆ ముక్క అచ్చు ఆపేస్తే?"

హనుమాండ్లు ఇంకో చీర తీశాడు. అంచులు కలిపాడు. "ఆపేస్తే ఉంటం. అచ్చుకు పోతే పోతం. గంతే." కోపంగా అనలేదు. బస్సు ఏ వేళకు వస్తుందో చెప్పినట్టు చెప్పాడు.

ఏడుపు వస్తుందేమోనని భావన కాసేపు నిలబడింది. రాలేదు. అత్తగారు పడిపోయిన రోజు నుంచీ అంతే. లోపల ఏదో మొద్దుబారింది. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. ఈ ఇంట్లో ఆమెకు స్నేహితురాలంటూ ఉంటే అది ఆ కుర్చీలో ఉన్న మనిషే. ఆ మనిషి సాయంత్రానికి ఇంట్లో ఉండదంటే కూడా ఏమీ అనిపించకపోతే, తను మనిషేనా అని ఆమెకు భయం వేసింది.

పేక మొదలైంది కూడా కొమురమ్మ వల్లే.

భావన చేసేది డిజైనింగ్. పాత వస్తువులు సేకరించే వాళ్ళ కోసం ఒక పేక తయారు చేయాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. గంజిఫా అని ఒకప్పుడు గుండ్రటి పేకముక్కలు ఉండేవి. అరచేతిలో ఇమిడేవి, చేత్తో రంగులద్దినవి, ఒక్కొక్కటీ ఒక చిన్న పటం. వాటి ఫొటోలు లాప్‌టాప్‌లో చూస్తుంటే కొమురమ్మ వెనక నిలబడి, "రాజున్నడు, గుర్రమెక్కిన మంత్రి ఉన్నడు. రాణేది?" అని అడిగింది.

"వీటిలో రాణి ఉండదు అత్తయ్యా. రాజు, మంత్రి, అంతే."

"రాణి లేదా? మరి రమ్మీ ఎట్ల ఆడ్తరు? ఆ రాజుకు బువ్వెవలు పెడ్తరు?"

ఆ ఒక్క ప్రశ్నతో భావన పేకలోకి నలుగురు రాణులు వచ్చారు. ముగ్గురిని ఊహించి గీసింది. ఇస్పేటు రాణికి మాత్రం కొమురమ్మ కూర్చుంది. పేక వెనకవైపు డిజైను హనుమాండ్లు వేశాడు. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ రంగు నింపుతూ, మగ్గం రోజుల్లో, నూలుకు ముడులు కట్టి రంగులద్దే చిటికి చీరలకు వేసినట్టే. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు మూసి వచ్చాక భావన భర్త నరేష్‌కుమార్ కూడా టీ కప్పు పట్టుకుని భావన బొమ్మలు గీసే బల్ల దగ్గరే చేరేవాడు. డైమను రాజు పక్కకు తిరిగి ఒక్క కన్నే కనిపిస్తాడు కదా, అది చూసి కొమురమ్మ, "పెండ్లాంతోని పంచాయితైంది ఈనకు, మొకం తిప్పుకున్నడు" అనేది. అంతా నవ్వేవాళ్ళు. ఆ బల్ల ఇప్పుడూ ఉంది. దాని మీద మాత్రల పెట్టె, నీళ్ళ సీసా ఉన్నాయి.

తప్పు జరిగింది కళ్ళ దగ్గర.

పటం బొమ్మలు వేసే వాళ్ళ దగ్గర భావన కొన్నాళ్ళు పని నేర్చుకుంది. దేవుడి బొమ్మకు అన్నీ వేసి కళ్ళు చివర పెడతారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అప్పుడు కుంచె. ఆ పద్ధతి ఆమెకు ఎంతో నచ్చింది. ఇంట్లో ప్రింటర్ మీద తీసిన రాణి ముక్క మీద కళ్ళు మాత్రం ఖాళీగా ఉంచింది. ఒక మంచి రోజు చూసి పెడదామంది. కొమురమ్మ, "అమాస నాడు పెట్టుకుందాం, తీరికుంటది" అంది. సాలెవాళ్ళు అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. మగ్గం లేక ఇన్నేళ్ళయినా ఆమెకు ఆదివారం అంటే అమావాస్యే. అదే ఆమె పేక ఆడే రోజు కూడా. అలా అమావాస్య నాడు, కొమురమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, భావన ఇస్పేటు రాణికి కళ్ళు తెరిపించింది. వీడియో కూడా తీసింది. మరునాడు పొద్దున్నే కొమురమ్మ వంటింట్లో పడిపోయింది.

ఫోన్ మోగింది. ఎల్బీనగర్ ప్రింటర్ మురళీకృష్ణ.

"మేడమ్, సాయంత్రానికి మిషను ఖాళీ అవుతోంది. ఇవాళ ఎక్కించకపోతే పెళ్ళి కార్డుల సీజను, మళ్ళీ నా వల్ల కాదు. ఇస్పేటు రాణి ఫైలు ఒక్కటే రాలేదు."

"మధ్యాహ్నానికి చెప్తాను."

"మొన్న కూడా అదే అన్నారు మేడమ్."

"ఇవాళ చెప్తాను" అని ఫోన్ పెట్టేసింది. గదిలోంచి హనుమాండ్లు వింటూనే ఉన్నాడు. సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

*

పదింటికి భావన తండ్రి వెంకట్రావు వచ్చాడు. కొత్తపేట రైతుబజార్‌లో బీరకాయలు, తోటకూర కొని, అల్లుడింటికి వట్టి చేతులతో రాలేదన్న తృప్తితో మెట్లెక్కాడు. కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సమస్య ఉందంటే దానికి సాధన ఉండి తీరాలని ఆయన నమ్మకం. ఇలాంటి వాళ్ళు ఇంటికొస్తే సమస్య కాస్త పెరుగుతుంది.

"సంచీ ఏంటి బావగారూ, ప్రయాణమా?" కొమురమ్మ గది తలుపు దగ్గరగా వేసి, సంచీ హాలు గుమ్మం దగ్గర పెడుతున్న హనుమాండ్లును అడిగాడు.

"అవును బావగారు. ఊరికి."

"పేకముక్క గురించా?" వెంకట్రావు కూర్చున్నాడు. "నేను ఒక్కటే అడుగుతాను, ఏమనుకోకండి. కాగితం ముక్క మీద రెండు చుక్కలు పెడితే మనిషికి పక్షవాతం వస్తుందా? మా ఇంట్లో మా ఆవిడా ఇంతే. అమావాస్య పూట ఎవరైనా కొబ్బరికాయ కొడతారా అని నన్ను చంపుతోంది. అమావాస్య ఏం చేస్తుందండీ, పాపం?"

"అమాసను నేనంటలే బావగారు. అమాస మాకు మంచిదే." హనుమాండ్లు నెమ్మదిగా అన్నాడు. "పేకనూ అంటలే. నేనే గదా ఎనక డిజైనేసింది. కండ్లు తెరిపిచ్చుడు దేవుండ్లకు చేసే పని. రాయికి, కర్రకు చేస్తరు. మనిషికి కండ్లు తెరిసే ఉన్నయి గదా. తెరిసి ఉన్నయాటిని మల్ల తెరిపిస్తే ఏమైతది? ఇటుదటు పోతది. కాయితం మీద కన్ను సక్కగున్నది. ఆమెకు మూతపడ్తలేదు."

వెంకట్రావు బీరకాయల సంచీ పక్కకు జరిపాడు.

"పోనీ, అంత అనుమానం ఉంటే చింపేయండి. ఒక ముక్కే కదా."

"ఎట్ల చింపుతం?" హనుమాండ్లు తల ఎత్తాడు. "మనిషి బతికున్నది. మొకం ఉన్నది దాని మీద. చింపొద్దు, కాల్చొద్దు, నీళ్లల్ల ఎయ్యొద్దు. గందుకే ఆడ పెట్టిన."

ఆడ అంటే ఎక్కడో, కూతురు చెప్పగా వెంకట్రావుతో సహా అందరికీ తెలుసు. ఎవరూ ఫ్రిజ్ వైపు చూడలేదు.

నరేష్ కొట్టుకు వెళ్ళకుండా గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. అత్తగారింటి వైపు వాళ్ళు వచ్చినప్పుడు కాఫీ ఇవ్వాలన్న ధ్యాస కూడా లేదు. వెంకట్రావు కాసేపు మోకాళ్ళు రుద్దుకుని, కొత్త దారి పట్టాడు.

"అసలు కారణం చూడాలి బావగారూ. చెల్లెమ్మగారికి బీపీ ఉంది కదా ఎప్పటి నుంచో. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అప్పట్లో?"

"ఏసుకుంటనే ఉండె. గోలీలు నరేషే తెస్తడు. ఒక్కనాడు మర్సిపోలే." హనుమాండ్లు కొడుకు వైపు చూసి, "ఏమిరా?" అన్నాడు.

నరేష్ తల ఊపలేదు. అడ్డంగానూ ఆడించలేదు. "నీళ్ల మోటరు బంద్ చేసొస్త" అని బాల్కనీలోకి వెళ్ళాడు. మోటరు స్విచ్ బాల్కనీలో లేదు. భావనకు ఆ మాట తెలుసు, ఆమె తండ్రికి తెలియదు. ఆమె కప్పులు తీసి ట్రేలో పెట్టి, ట్రేని అక్కడే వదిలేసి, భర్త వెనకే వెళ్ళింది.

నరేష్ రెయిలింగ్ పట్టుకుని మెట్రో స్తంభాల వైపు చూస్తున్నాడు.

"నరేష్."

"ఏంది?"

"మాత్రలు."

 కింద అరటిపళ్ళ బండి మైకులో ధర చెప్పుకుంటూ పోయింది. అది మలుపు తిరిగాక అన్నాడు.

"అయిపోయినయని అమ్మ చెప్పింది. రేపు తెస్త అన్న. పెండ్లిళ్ల గిరాకీ ఉండె. మల్ల అడిగింది. మల్ల రేపన్న. ఇగ అడగలే. మస్తు దినాలు ఏసుకోలే ఆమె."

"మామయ్యగారికి తెలుసా?"

"తెల్వదు. అమ్మకు, నాకే తెలుసు. అమ్మకు మాట పోయె."

భావన గోడకు ఆనుకుంది. ఇన్ని వారాలూ అతను తనతో మాట్లాడకపోతే, తన మీద కోపమనుకుంది. ఆ కోపం తనకు రావలసిందేననుకుని మోసింది. పడుకుంటే ఆ కుంచె, ఆ రెండు చుక్కలు కనిపించేవి. చేతులు కడుక్కుంటే ఇంకా నల్లరంగు ఉందేమోనని చూసుకునేది. అప్పుడంతా పక్కనే పడుకుని ఉన్నాడు ఇతను.

"నాకెందుకు చెప్పలేదు?"

"నోరు రాలే. నాయిన ముక్కను తిట్టుకుంటుండు. తిట్టుకోనీ అనుకున్న. ముక్కకేం నొప్పి?"

"ముక్క గీసింది నేను కదా."

నరేష్ ఆమె వైపు తిరిగాడు కానీ ముఖంలోకి చూడలేదు. "రాణిని తీసెయ్యి భావనా. పాత పేకలల్ల రాణే లేదన్నవ్ గదా నువ్వే. నలుగురినీ తీసెయ్యి. నాయిన ఉంటడు, అమ్మ ఉంటది. గిది గింతటితోని ఒడ్సిపోతది."

కోపం రావాలి. ఇంకొకరైతే గిన్నెలు విసిరేవాళ్ళు, కనీసం పుట్టింటికి పోతాననేవాళ్ళు, తండ్రి కూడా సమయానికి హాల్లోనే ఉన్నాడు. భావన మాత్రం "సరే" అంది. అన్నాక ఆ గొంతు తనదేనా అనుకుంది. లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తెరిచి, ఒక్కొక్క రంగులోనూ రాణిని పక్కకు తీసింది. ఆఠీను రాణి పోయింది, డైమను రాణి పోయింది, కళావరు రాణి పోయింది. ఇస్పేటు రాణి దగ్గర వేలు ఆగింది. వేలు ఎందుకు ఆగిందో ఆమెకు తెలియలేదు, ఏమీ అనిపించలేదు కూడా. అన్నం వేళైందని లేచింది.

*

మధ్యాహ్నం చంపాపేట నుంచి అమల వచ్చింది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి. కొమురమ్మ కుడిచేతికి మెత్తటి బంతి ఇచ్చి నొక్కించి, మోచేయి మడిచి, చాచి, "ఇంకొక్కటి పెద్దమ్మా, ఇంకొక్కటి" అంటూ చెమట పట్టే దాకా వదల్లేదు. ఆ ఇంట్లో మామూలు గొంతుతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

"ఊరికి పోతరంట గదా పెద్దనాయినా. ఆడ రోజు చేపియ్యాలె మరి. మాట గూడ ఒస్తది, జర టైం పడ్తది. గొంతుల సప్పుడైతే ఒస్తుంది."

హనుమాండ్లు తలూపి, పళ్ళెం తెచ్చుకుని భార్య పక్కన కూర్చున్నాడు. ఎడమ పక్కన. దవాఖాన నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కుర్చీ ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుంది. అటు నుంచి చూస్తే కొమురమ్మ ముఖం ఎప్పటిలాగే ఉంటుంది. కుడివైపు భావన తుడుస్తుంది, నరేష్ తుడుస్తాడు. ఆయన మాత్రం ఆ వైపుకు పోడు. ఇన్నాళ్ళూ భావన అది గమనించనే లేదు.

పప్పన్నం ముద్ద నోటి దగ్గరికి వెళ్ళింది. కొమురమ్మ నమిలింది. ఆగింది. రెండో ముద్దకు నోరు తెరవలేదు.

"తిను. తొవ్వల ఆకలైతది."

ఆమె ముఖం తిప్పుకుంది. ముద్ద పట్టుకున్న చేయి అలాగే ఉంది. మళ్ళీ పెట్టబోతే ఎడమచేత్తో పళ్ళెం నెట్టేసింది. నీళ్ళు ఇవ్వబోతే వద్దంది. ఎడమచేయి ఎత్తి, వంటింటి వైపు చూపించింది. ఫ్రిజ్ వైపు. ఫ్రిజ్ మీదికి.

వెంకట్రావు తింటున్న చేయి ఆపాడు. నరేష్ లేచి నిలబడ్డాడు.  ముక్క సంగతి అత్తగారికి తెలిసిపోయిందా అనుకుంది భావన.

"ఉ" అంది కొమురమ్మ. గొంతు గీరుకుపోయి వచ్చింది. "ఉప్..."

"ఉప్పు గావాల్నంట" అంది అమల. "ఏందీ, మొత్తానికే ఏస్తలేరా? తగ్గియ్యమన్నరు గాని ఇడ్సిపెట్టమన్లే గదా. గందుకే తింటలేదు పెద్దమ్మ. చిటికెడెయ్యున్రి."

ఇన్నాళ్ళకు ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. దానికి సంతోషపడాలి. నలుగురూ డబ్బా వైపే చూస్తున్నారు. ఎవరు తెస్తారన్నట్టు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి హనుమాండ్లే లేచాడు. చేయి కడుక్కున్నాడు, తువ్వాలుకు తుడుచుకున్నాడు, ఫ్రిజ్ దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. రెండు చేతులతో డబ్బా ఎత్తి, కింద ఏముందో చూడకుండా కళ్ళు పక్కకు తిప్పుకుని తెచ్చాడు.

చూసి ఉంటే బాగుండేది. ఉప్పు చెమ్మకు ముక్క డబ్బా అడుగుకు అంటుకుని ఉంది. డబ్బా బల్ల మీద పెట్టేసరికి ఊడి, కొమురమ్మ ముందు పడింది.

ఇస్పేటు రాణి. ఆకుపచ్చ చీర, ముక్కుకు పుల్ల, నుదుట రూపాయంత బొట్టు. పాత పేకల్లో బొమ్మల్లా నడుము దగ్గర తెగకుండా పాదాల దాకా ఉంది. రెండు కళ్ళూ తెరుచుకుని తిన్నగా చూస్తున్నాయి.

హనుమాండ్లు అందుకోబోయాడు. కొమురమ్మ ఎడమచేయి ముందే దాని మీద పడింది.

ఆమె ముక్కను దగ్గరికి లాక్కుంది. చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చూపుడువేలు పళ్ళెం పక్కన చారు గిన్నెలో ముంచి, రాణి నోటి మీద పెట్టింది. కుడివైపు పెదవి మీద. అదిమి కిందికి లాగింది. ఇంట్లో తీసిన ప్రింటు కదా, రంగు కరిగి వేలి వెంట వచ్చింది.

"చెరిపేస్తున్నది" అన్నాడు హనుమాండ్లు. ఆయన గొంతులో ఎన్నాళ్ళ బరువో దిగింది. "చెరపనీ. ఆమె మొకం, ఆమే చెరపాలె. మనం చెయ్యొద్దు గని ఆమె చెయ్యొచ్చు."

 సరే, అలా ముగిసిపోతే పోనీ అనుకుంది భావన. సాయంత్రం మురళీకృష్ణకు ఫోన్ చేసి రాణులు లేరని చెప్తే చాలు.

కొమురమ్మ వేలు ఇంకోసారి ముంచింది. ఈసారి కుడికన్ను. కుంచెతో పెట్టిన ఆ కంటి కొసను కొంచెం కిందికి జరిపింది, అంతే. ఎడమకన్ను ముట్టుకోలేదు. ఎడమ పెదవి ముట్టుకోలేదు. ముక్కను పైకెత్తి, తన కుడిచెంప పక్కన పెట్టుకుని, కోడలి వైపు తిరిగింది.

జారిన పెదవి పక్కన జారిన పెదవి. కొస వాలిన కంటి పక్కన కొస వాలిన కన్ను.

"గిట్ల" అంది కొమురమ్మ.



"అత్తయ్యా." భావన కుర్చీ దగ్గరికి వెళ్ళి కింద కూర్చుంది. "పక్కకు తిప్పి గీయనా? డైమను రాజులాగా? ఒకవైపే కనబడేలా?"

కొమురమ్మ తల అడ్డంగా ఆడించింది. ముక్కను చెంపకు ఇంకా దగ్గరగా నొక్కుకుంది. ఊపిరి కూడదీసుకుని, ఒక్కొక్క అక్షరం తోసినట్టుగా అంది. "గి...ట్ల. గియ్యి."

అప్పుడు వచ్చింది భావనకు ఏడుపు. చప్పుడు లేకుండా, ఆగకుండా వచ్చింది. అత్తగారి మోకాలి మీద తల పెట్టుకుంది. కొమురమ్మ చారు చేయి ఆమె జుట్టు మీద పడింది.

కింద కారు హారన్ వినిపించింది. పోచంపల్లి కారు. హనుమాండ్లు గుమ్మం దగ్గరి సంచీ వైపు చూశాడు, భార్య చేతిలో ముక్క వైపు చూశాడు. హారన్ మళ్ళీ మోగింది.

"బావగారూ, నేను కిందికెళ్ళి కాసేపు ఆగమని చెప్పిరానా?" అన్నాడు వెంకట్రావు. పొద్దున ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన అన్న పనికొచ్చే మాట అదొక్కటే.

 హనుమాండ్లు తన కుర్చీ ఎత్తాడు. భార్య వెనక నుంచి తిప్పి, కుడిపక్కకు తెచ్చి వేసుకుని కూర్చున్నాడు. తువ్వాలు కొసతో ఆమె పెదవి పక్కన ముక్క నుంచి అంటిన చారు తుడిచాడు. తుడిచాక కూడా చూపు తిప్పుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ వైపు ఎలా ఉందో తెలియనట్టు, కన్ను, చెంప, పెదవి, అన్నీ వరసగా చూసుకున్నాడు.

"గీస్తే సక్కగ గియ్యి బిడ్డా" అన్నాడు చివరికి. "తక్కువ గియ్యకు, ఎక్కువ గియ్యకు. ఎట్లున్నదో గట్ల. గని కండ్లకు కొబ్బరికాయ కొట్టకు."

భావన ముక్కు తుడుచుకుని, బల్ల సొరుగులోంచి పెన్సిలు, తెల్లకాగితం తీసింది. కొమురమ్మ నడుము నిటారుగా పెట్టి కూర్చుంది, అమావాస్య నాడు కూర్చున్నట్టే. మొదటి గీత చెంప దగ్గర పడింది.

"ఎట్లయిందో తెల్వదు గని" అన్నాడు హనుమాండ్లు, ఎవరితోనో కాదు, భార్య ముఖంతోనే అన్నట్టుగా. "గా ముక్కతోనే అయిందనుకుంట. ఇంకేమున్నది మరి? గోలీలు ఒక్కనాడు తప్పలే."

గోడకు ఆనుకుని ఉన్న నరేష్ ఒక అడుగు ముందుకు వేశాడు. 

"నాయినా. ఒక మాట చెప్పాలె."

భావన పెన్సిలు ఆగింది. ఆ మాటేమిటో ఆమెకు తెలుసు. ఇప్పుడు కాదు, ఈ పూటకు వద్దు, ఆయన ఇప్పుడే కదా ఈ వైపుకు వచ్చి కూర్చుంది అందామని నోటి దాకా వచ్చింది. కొమురమ్మ వైపు చూసింది. కొమురమ్మ కొడుకునే చూస్తోంది, మూతపడని కంటితో, మూతపడే కంటితో కూడా.

భావన ఆ మాట మింగేసి, పెన్సిలు మళ్ళీ కాగితం మీద ఆనించింది.

"చెప్పు" అన్నాడు హనుమాండ్లు, భార్య ముఖం మీంచి చూపు తీయకుండా.